మా కుక్కకు దిష్టి తగిలిన ఏడు

మా కుక్క గోక్కోవడం మొదలుపెట్టింది మిరప కోతలప్పుడు. మొదట చెవి వెనక, తర్వాత పొట్ట కింద. ఆ తర్వాత గోక్కోవడానికి ఉన్న కాళ్లు చాలక వరండా స్తంభానికీ, మావారి బండి చక్రానికీ, చివరికి నిలబడి మాట్లాడుకుంటున్న మనుషుల మోకాళ్లకీ ఒళ్లు రుద్దుకోసాగింది. కౌలు సంగతి మాట్లాడటానికి వచ్చిన పెద్దమనిషి ఒకాయన తెల్ల పంచెకి వీపు ఆనించి పైకీ కిందకీ రుద్దుకుంటుంటే, పాపం ఆయన అది ప్రేమనుకుని తల నిమిరాడు. మేమూ అలాగే అనుకోనిచ్చాం.

దానికి పేరు లేదు. పర్చూరు రోడ్డు పక్కన పత్తిచేను గట్టు మీద అరచేతిలో పట్టేంత పిల్లగా నాకు దొరికింది. పేరు పెడితే ఇంట్లో మనిషైపోతుందని మా అత్తయ్య పెట్టనివ్వలేదు. ‘ఇదిగో’ అంటే వచ్చేది, ‘ఏయ్’ అంటే పోయేది. ఆ రెండు మాటలతోనే పెరిగింది.

ఊళ్లో కుక్క గోక్కుంటే దానికి ఒకటే పేరు, గజ్జి. ఆ మాట ముందుగా అన్నది మా పక్కింటావిడ, గోడ మీంచి.

“ఏమండోయ్, మీ కుక్కకి గజ్జి పట్టినట్టుందే! మా ఇంట్లో చిన్నపిల్లలున్నారండోయ్!”

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. “మీ పిల్లలు గోక్కున్నప్పుడు మేమేమన్నా అన్నామా అండీ?” అన్నాను. ఆవిడ నాతో చాలా రోజులు మాట్లాడలేదు. నాకు హాయిగానే ఉంది కానీ, ఆ గజ్జి మాట మా అత్తయ్య చెవిన పడింది. ఆవిడ తీర్పు చెప్పేసింది.

“ఉగాది లోపల తగ్గిందా, సరే. తగ్గలేదా, కల్లానికి పంపేయండి. కాయలకి కాపలా ఉంటుంది.”

కల్లమంటే పొలంలో మా మిరపకాయలు ఆరబోసే చోటు. ఆవిడ అదేదో ఉద్యోగం వేయించినట్టు చెప్పింది కానీ, నాకు కళ్ల ముందు లారీలే కనిపించాయి. మా కల్లం హైవేని ఆనుకునే ఉంటుంది. చీమకుర్తి నుంచి రాళ్లు మోసుకొచ్చే లారీలు ఆ దారినే పోతాయి. అవి మనుషుల కోసమే బ్రేకు వేయవు, ఇక కుక్క కోసం వేస్తాయా? ఆ కుక్కంటే నాకు ప్రాణం. ఉగాది లోపల దాని దురద తగ్గించి తీరాలని కూర్చున్నాను.

వేపాకు కాచిన నీళ్లు పోశాను. ఒళ్లంతా విదిలించి ఆ నీళ్లన్నీ నాకే పోసింది. కొబ్బరినూనెలో పసుపు కలిపి పట్టించాను. పెళ్లికూతురిలా పచ్చగా తయారై, అప్పుడే ఉతికి పరిచిన తెల్ల దుప్పటి మీద వెళ్లి పడుకుంది. మావారు ట్రాక్టరు మెకానిక్‌ని అడిగి డబ్బాతో వాడేసిన ఇంజనాయిలు తెచ్చారు. “పూస్తే దెబ్బకి పోతుందంట,” అన్నారు. “ముందు మీరు పూసుకోండి, మీకు పడితే దానికి పూద్దాం,” అన్నాను. డబ్బా పట్టుకుని వచ్చిన దారినే వెళ్లిపోయారు.

ఇక మా అత్తయ్య రంగంలోకి దిగింది. దాన్ని పంపేస్తానన్న మనిషే దానికి వైద్యం చేయడమేమిటని అడక్కండి. ఆవిడంతే.

“దానికి దిష్టి తగిలింది. మొన్న పొగాకు కొనేవాడొచ్చి, కుక్క భలే నిగనిగలాడతా ఉందండీ అన్లా? ఆ రోజు నుంచే ఇది,” అంది.

గుప్పెట్లో ఎండుమిరపకాయలు, రాళ్లుప్పు పట్టుకుని దాని ముందు నిలబడింది. ఆ గుప్పెట్లో తినేదేదో ఉందని కుక్క ఆశ. చెయ్యి ఎటు తిరిగితే అదీ అటే తిరిగింది. గుప్పెట కుక్క చుట్టూ తిరిగిందో, కుక్క గుప్పెట చుట్టూ తిరిగిందో తెలియకుండానే దిష్టి తీయడం పూర్తయింది. కాయలు తీసుకెళ్లి నీళ్లపొయ్యి నిప్పుల్లో పడేసింది.

ఇందులో ఒక లెక్క ఉంది. నిప్పుల్లో పడ్డ మిరపకాయలు ఘాటెక్కి ఇంటిల్లిపాదికీ దగ్గు వస్తే దిష్టి లేనట్టు. ఘాటు రాకపోతే ఆ ఘాటునంతా దిష్టి మింగేసినట్టు. ఇది ఎక్కడైనా పనిచేస్తుందేమో కానీ మా ఇంట్లో పనిచేయదు. కోతలు మొదలైన దగ్గర్నుంచీ మా డాబా నిండా కాయలే. వరండాలో గోడ వారగా టిక్కీలు, అంటే కాయలు కూరిన గోనె బస్తాలు. ఇంటి కారానికి కాయలు ఏరి తొడిమలు, అదే ముచ్చికలు, తీసే ఆడవాళ్లు వాటి ముందే గుంపుగా కూర్చుంటారు. సాయంత్రం ఊడిస్తే చేట నిండా ఎర్రటి దుమ్ము వస్తుంది. పుట్టినప్పటి నుంచీ ఆ గాలే పీలుస్తున్న వాళ్లకి నాలుగు కాయలు కాలితే ఏం తెలుస్తుంది? అందుకే మా ఇంట్లో ఎవరికి తీసినా దిష్టి ఉన్నట్టే తేలుతుంది. మావారికి జలుబు చేసినా దిష్టే, గేదె పాలు తగ్గినా దిష్టే.

“చూశావా, పిసరంత ఘాటు లేదు. ఎంత దిష్టో!” అంది అత్తయ్య, పొయ్యి మీదకి వంగి మరీ.

అప్పటికే కుక్క తుమ్ముతోంది. తుమ్మిన తుమ్ము తుమ్మకుండా తుమ్ముతూ, ముక్కు నేలకేసి రుద్దుకుంటూ పెరడంతా తిరుగుతోంది.

“అదిగో, వదుల్తోంది,” అంది.

ఆ రోజు నుంచి సాయంత్రమయ్యేసరికి దానికి దిష్టి తీయడం ఒక పనైపోయింది. తీసేకొద్దీ తుమ్ములు పెరిగాయి, గోకుడూ పెరిగింది. పొట్ట కింద బొచ్చు రాలి చర్మం ఎర్రగా కందిపోయింది. ఉగాది దగ్గరపడుతోంది. ఇంక లాభం లేదని, అత్తయ్యకి చెప్పకుండా దాన్ని గోనెపట్టాలో చుట్టి, బండి మీద మా ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకుని పర్చూరు పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం.

డాక్టరు కుర్రవాడు, గోదావరి వైపు నుంచి కొత్తగా వచ్చాడు. చర్మం కాస్త గీకి అద్దం కింద పెట్టి చూశాడు.

“గజ్జి కాదండి. ఎలర్జీ అండి.”

ఆ ముక్క మా పక్కింటావిడ ముందు ఇంకోసారి చెప్పించాలనిపించింది. ఇంతలో ఆయన పొట్ట చూద్దామని గోనెపట్టా లాగాడు. లాగి, తుమ్మాడు. ఆపకుండా తుమ్మాడు. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి.

“ఏంటండీ ఇది? ఇందులో ఏం పోశారండీ?”

మావారు పట్టా తీసుకుని ముక్కుకి ఆనించి గట్టిగా పీల్చారు. నా వైపు చూసి, మళ్లీ పీల్చారు.

“ఏం లేదండీ. ఉత్త గోనె.”

డాక్టరు చేతిరుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని ఆయన వైపు భయంగా చూశాడు. “మీ ఇంట్లో మిరపకాయలున్నాయాండీ?”

“మిరపకాయలు లేని ఇల్లుంటుందాండీ?” అన్నారు మావారు, జాలిగా.

అప్పుడు బయటపడింది. అది పగలంతా దొర్లేది వరండాలో ఆ ఎర్ర దుమ్ములోనే. రాత్రి పడుకునేది పాత టిక్కీ పట్టా మీద. పైగా సాయంత్రమయ్యేసరికి మేము మిరపకాయలు కాల్చి దానికి పొగ పెడుతున్నాం. డాక్టరు మాత్రలిచ్చాడు, ఒక షాంపూ ఇచ్చాడు. చన్నీళ్లతో స్నానం చేయించమన్నాడు, బయట నుంచి వచ్చినప్పుడల్లా పాదాలూ పొట్టా తడిగుడ్డతో తుడవమన్నాడు. నూనెలు, పసుపులు వద్దన్నాడు. కల్లంలో ఉంచితే ఎలా ఉంటుందని అడిగాను. “దాని కళ్లు పోవాలనుకుంటే ఉంచండి,” అన్నాడు. ఏం చేసినా మిరప దుమ్ము తగలకూడదు, అదొక్కటే అసలు మందు అన్నాడు.

ఇంటికొచ్చేసరికి అత్తయ్య వరండాలో కాయల మధ్య కూర్చుని ఉంది. ఎలర్జీ అన్న మాట ఆవిడకి తెగ నచ్చింది. వెంటనే గోడ దగ్గరికి వెళ్లి, “గజ్జి కాదమ్మా, ఎలర్జీ అంట. టౌను వాళ్లకొచ్చేదంట!” అని అటువైపు వినిపించింది. ఆ తర్వాత మావారు మిగతాది చెప్పారు. ఆవిడ చేతిలో ముచ్చిక తీసిన కాయ అలాగే ఉంది.

నాకు ఆశ పోయింది. మా ఇంటి కారం అంటే ఆవిడ పరువు. కాయ కాయా చూసి ఏరి, ఎండబెట్టి, కొట్టించి, జల్లించి, హైదరాబాదు దాకా చుట్టాలకి పంపుతుంది. పెళ్లిచూపుల్లో కూడా మా ఇంటి కారం గురించే ముందు చెప్పారు. అలాంటి మనిషి ఒక కుక్క కోసం కాయలు ఎత్తిస్తుందా? ఆ మధ్యాహ్నం వంటింట్లో గిన్నెలన్నీ కావాలని చప్పుడు చేస్తూ కడిగాను. నాకు ఏడుపొచ్చింది.

తెల్లారి లేచేసరికి వాకిట్లో ట్రాలీ ఆటో ఉంది. టిక్కీలన్నీ అందులోకి ఎక్కుతున్నాయి. “ఒరేయ్ అబ్బాయ్, డాబా మీదవి కూడా దించరా! ముచ్చికలూ అక్కడే తీయించు, కల్లంలో!” అని అత్తయ్య మావారి మీద కేకలేస్తోంది. తర్వాత చీర కుచ్చిళ్లు ఎగదోపి, పైపు పట్టుకుని డాబా నుంచి వాకిలి దాకా తనే కడిగింది. ఎర్రటి నీళ్లు కాలవ కట్టి వీధిలోకి పోయాయి.

“ఈ ఏడు ఇంట్లో కారం లేదు,” అంది నాతో, ఎటో చూస్తూ. “పర్చూరులో పాకెట్టు దొరుకుద్దిగా, పట్టుకురా. మనూళ్లో కొనబాక. సంచిలో కూరగాయల కింద పెట్టి తీసుకురా.”

ఉగాది నాటికి కుక్క పొట్ట మీద మెత్తటి బొచ్చు మొలిచింది. అది వీధిలోంచి వస్తే చాలు, అత్తయ్య గుమ్మంలో కూర్చుని తడిగుడ్డతో దాని పాదాలు తుడిచేది. తిట్టడం మాత్రం మానలేదు. “దా అమ్మాయ్, నీ కాళ్లు కడగడానికే పుట్టాను,” అనేది. నన్ను పిలిచేదీ అమ్మాయ్ అనే. చాలాసార్లు ఇద్దరమూ వెళ్లేవాళ్లం.

ఒకరోజు అలాగే వెళ్లి పక్కన కూర్చున్నాను. “అత్తయ్యా, నేను కాపురానికొచ్చిన కొత్తల్లో ఈ వరండాలో తుమ్మి తుమ్మి చచ్చాను. మాది చీరాల వైపు, మా ఇంట్లో మిరపకాయలుండేది డబ్బాలో. ముచ్చికలు తీసి అరచేతులు మండిపోతుంటే పెరుగులో ముంచుకుని కూర్చునేదాన్ని. అలవాటైపోతుందిలే అన్నారు మీరు. కుక్కకైతే ఇల్లంతా కడిగారు!” అన్నాను. వేళాకోళంగానే మొదలుపెట్టాను కానీ, చివరికొచ్చేసరికి అది వేళాకోళంలా లేదు.

ఆవిడ తలెత్తలేదు. కుక్క పాదం ఆవిడ చేతిలోనే ఉంది.

“మా అత్తా నాకదే చెప్పిందే,” అంది. “అలవాటైపోయింది కూడా. ఎంత మండేదో మర్చిపోయా.”

పాదం వదిలేసి, నా కుడిచెయ్యి లాక్కుని అరచెయ్యి వెల్లకిలా తిప్పింది. కుక్క కాళ్లు తుడిచిన ఆ గుడ్డతోనే, వేలు వేలూ మెల్లగా తుడిచింది. నేను చెయ్యి వెనక్కి తీసుకోలేదు.