నవలకు కచ్చా కుట్టు

తాండూరుల జాకెట్ అంటే అనసూయే కుట్టాలె అని పేరు తెచ్చుకునేటందుకు నాకు శానా ఏండ్లు పట్టింది. ఆ పేరును ఆగం చేసుకునేటందుకు మాత్రం ఒక సూది, ఇంత ఎర్ర దారం, ఒక నవల సరిపోయినయి. ఎట్లనో చెప్త, కూసోండ్రి. నవ్వుకుంటే నవ్వుకోండ్రి, ఇప్పుడు నాకు గూడ నవ్వే వస్తది. అప్పుడు మాత్రం స్టేషన్ల ఏ రైలు ఆగితే ఆ రైలెక్కి కన్నడపోళ్ల ఊర్లకు పారిపోదామన్నంత సిగ్గయింది.

అవి చిన్న చిన్న బటన్ ఫోన్ల రోజులు. మా అత్తమ్మ తుంటి ఇరిగి మంచంల పడ్డది. ఆమెకు పొద్దుపోవాలె గదా అని, మిషన్ తొక్కుకుంట కథలు చెప్పేదాన్ని. నేను చదివింది ఐదో తరగతి. కానీ ఒక్కపారి చెవులవడ్డ కథ నాకు మళ్ల పోదు. కష్టమేందంటే, మా అత్తమ్మకు గూడ పోదు.

“గీ కథ మొన్ననే చెప్పినవ్ గదనే. అప్పుడు రాజుకు ముగ్గురు కొడుకులు. గియ్యాల నలుగురెట్లయిండ్రు?”

“నడుమల ఒకడు పుట్టిండు తియ్యి అత్తమ్మ.”

“సచ్చిపోయిన రాణికా?”

గిట్ల ఉండేది నా సంగతి. కథలు ఒడిసినయి, అత్తమ్మ ఒడవలే.

గా టైంలనే మా అన్న నర్సింలు తన బిడ్డ స్వరూపను మా ఇంట్ల దించిపోయిండు, తాండూరుల ఇంటర్ చదివేటందుకు. మా అన్నది నవాబుపేట దిక్కు పల్లె. కంది చేను చేస్తడు, మాట తక్కువ, కోపం ఎక్కువ. నవ్వితే ఏడ పన్ను కట్టాల్సొస్తదో అన్నట్టు ఉంటది మొఖం. చాయ తాగి, గ్లాసు కింద పెట్టి, నాకొక షరతు పెట్టిండు.

“చెల్లె, బడి పుస్తకాలు తప్ప ఏ పుస్తకం ఈమె చేతుల కనపడొద్దు. నవల గిట్ల కనపడ్డదనుకో, అదే దినం పెట్టె సర్దిస్త. ఇంటికాడ చేను ఉన్నది, పనికి కొదువ లేదు.”

“నవలలు ఏం చేసినయ్ అన్నా నిన్ను?”

“మా తోటోడు ఒకడు నవలలు చదివి చదివి, గొడ్లను చేన్లనే ఇడిచిపెట్టి బొంబాయి పోయిండు. ఇంకా రాలే.”

మా అన్న అన్నడంటే చేసేటోడే. స్వరూప గడప కాడ నిలవడి, గోడకు చెప్పినట్టు “సరే నాయినా” అన్నది. కానీ ఆ పిల్ల సంగతి నాకు ఒక్క వారంల ఎరుకైంది. మిర్చిబజ్జీలు తెస్తే, బజ్జీ పక్కకు పెట్టి కింది కాయితం చదివేది. చదివి, “అత్తా, దీని తర్వాతి ముక్క ఏ బజ్జీ కిందున్నది?” అనేది. గసొంటి పిల్లను కథలు లేకుంట ఉంచుడంటే చేపను గట్టు మీద పెట్టి, చదువుకో బిడ్డా అన్నట్టే.

అందుకని నాకొక తెలివి పుట్టింది. కిరాయికి నవలలు తేవాలె. స్వరూప పైకి చదవాలె, అత్తమ్మ వినాలె, నేను జాకెట్లు కుట్టుకుంట వినాలె. అన్న వద్దన్నది చెడ్డ నవలలను గాని, మంచి నవలలను వద్దంటడా? ఈ ముక్క అన్ననే అడగొచ్చు గదా అంటరేమో. అడిగితే వద్దంటడని అడగలే.

స్టేషన్ బజార్ల జిలానీ భాయ్ కిరాయి పుస్తకాల దుకాణం ఉండేది. పోయి చెప్పిన.

“భాయ్, పదహారేండ్ల పిల్ల చదవాలె, డెబ్బై ఏండ్ల ముసలామె వినాలె. ఇద్దరి ముందట నేను తల దించుకోకుంట ఉండాలె. గసొంటిది ఇయ్యి.”

“ఫికర్ నక్కో ఆపా. ఇది తీస్కపో, ఫుల్ ఫ్యామిలీ.”

“గదేంది?”

“అది గూడ ఫుల్ ఫ్యామిలీ.”

ఆయన దుకాణంల ఫ్యామిలీ గానిది ఒక్కటి లేదు. ఇగ నేనే అట్ట చూసి ఎంచిన. బొమ్మల ఉన్న పిల్ల రెండు భుజాల మీంచి కొంగు కప్పుకొని, తల దించుకొని ఉన్నది. మస్తు పద్ధతిగల్ల పిల్ల అనుకున్న. ఇంటికొచ్చి చదువుడు మొదలువెట్టినంక, నాలుగో పేజీల ఆ పద్ధతిగల్ల పిల్ల చెరుకుతోటల ఒకాయన తోటి కలిసింది. స్వరూపకు దగ్గు వచ్చింది.

“ఆగినవేందే, చదువు” అన్నది అత్తమ్మ.

“అవ్వా, ఇక్కడ కాయితం చినిగింది.”

“చెరుకుతోట కాడనే చినిగిందా?”

ఆ దినం సంది ముందుగాల నేనే చదువుడు మొదలువెట్టిన. అచ్చరం అచ్చరం కూడబలుక్కొని, పొయ్యి మీద అన్నం మాడినా లేవకుంట చదివేదాన్ని. ఇంట్ల పనికిరాని పేజీలు వస్తే ఏం చెయ్యాలె? చింపితే జిలానీ భాయ్ ఊకోడు. అతికిస్తే మళ్ల ఊడదు. నేను దర్జీ మనిషిని, నాకు తెలిసిన ఇద్దె ఒక్కటే. ఆ పేజీల అంచులు కలిపి కచ్చా కుట్టు ఏసేదాన్ని. కచ్చా కుట్టంటే పెద్ద పెద్ద టాకాలు, కొస పట్టి గుంజితే సర్రున ఊడొస్తయి. వాపస్ ఇచ్చే ముందు దారం గుంజేస్తే పుస్తకం పుస్తకం లెక్కనే ఉంటది. నా తెలివికి నేనే మురిసిపోయిన. సర్కారోళ్లకు తెలిస్తే ఇనాం ఇస్తరేమో అనుకున్న.

ముద్దులుంటే కుట్టిన. సారా తాగుతే కుట్టిన. కోడలు అత్తకు ఎదురు మాట్లాడ్తే ఇంకో వరుస ఎక్కువ కుట్టిన, అది నా రక్షణకు. ఎక్కడన్న నాకే ఏడుపు ఆగకుంటే, అత్తమ్మ వింటే రెండు దినాలు అన్నం ముట్టదని, అది గూడ కుట్టిన. స్వరూప చదువుకుంట వచ్చి, “కుట్టు వచ్చింది అత్తా” అనేది. నేను అందుకొని చెప్పేదాన్ని.

“కుట్టు లోపల ఏమున్నదంటే, వాళ్లిద్దరు కూసోని మాట్లాడుకున్నరు.”

“ఆరు పేజీలు ఏం మాట్లాడుకున్నరే?” అనేది అత్తమ్మ.

“రేషన్ బియ్యం గురించి.”

గిట్ల నడుస్తున్నప్పుడు పెండ్లిండ్లు వచ్చినయి. ఇంట్ల జాకెట్ బట్టలు నడుముల దాక పేరుకున్నయి. ఒకనాడు మా ఆయన పొద్దున డ్యూటీకి పోతపోత, ఎవలు అడగని పని ఒకటి చేసిండు. కిరాయి పెరుగుతదని, కిటికీల ఉన్న నవలలన్ని తీస్కపోయి జిలానీ భాయ్‌కి ఇచ్చేసిండు. కుట్లతోనే.

నేను మాపటికి చూసుకున్న. గుండె జారి మిషన్ కింద పడ్డది. తెల్లారి ఉరికిన దుకాణంకు.

“భాయ్, ఆ పుస్తకాలు జర ఇటియ్యి. దారం గుంజేది మర్శిన.”

జిలానీ భాయ్ నన్ను తీస్కపోయి కుర్సీల కూసోబెట్టిండు, చాయ తెప్పిచ్చిండు. అంతకుముందు ఎన్నడు నిలవడనిచ్చిండే గాని కూసొమ్మనలే.

“ఆపా, అవి లేవు. నిన్ననే పోయినయి. ఇంకా అడుగుతున్నరు.”

“ఏమని?”

“కుట్లేసింది ఉన్నదా అని. కుట్టిండ్రంటే లోపల ఏదో ఉన్నదని జనం సమజ్ చేసుకుంటున్నరు. డబల్ కిరాయి ఇస్తున్నరు. జర నువ్వు ఇవి గూడ కుట్టియ్యి ఆపా.” ముందట ఒక కట్ట పెట్టిండు. ఏండ్ల సంది ఎవలు ముట్టని పుస్తకాలు. అండ్ల ఒకటి ఎరువులెట్ల చల్లాల్నో చెప్పేది.

“ఎరువుల పుస్తకంకు కుట్లెందుకు భాయ్?”

“కుడ్తే అది గూడ పోతది.”

నేను చాయ తాగకుంటనే లేచొచ్చిన. కానీ ఆయన ఆగలే. గోనెసంచుల దబ్బనంతోని తానే కుట్టుడు మొదలువెట్టిండు. వికారాబాద్‌ల ఆయన బామ్మర్ది దుకాణం ఉండె, రైలుల అక్కడికి గూడ పంపిండు. కుట్లు ఎట్లున్నయో అట్లనే వాపస్ తేవాలె, ఇప్పితే జుర్మానా అని షరతు గూడ పెట్టిండు. ఇంకేముంది, మస్తు గిరాకి.

పది దినాలకు ఒకామె జాకెట్ కొలతలిచ్చుకుంట నా చెవుల చెప్పింది. “అక్కా, నీకెరుకనా, తాండూరుల ఎవలో దర్జీ ఆమె ఉన్నదంట. బూతు పుస్తకాలు ఏరి కుడ్తదంట. ఊరంతా ఆమెను ఎతుకుతున్నది.” ఆమె నడుము కొలత తప్పు రాసుకున్న. ఆ జాకెట్ ఆమెకు ఇప్పటిదాక పట్టలే.

నా భయం నా పేరు గురించి గాదు. ఈ ముచ్చట మా అన్న చెవుల పడ్తే స్వరూప పెట్టె సర్దుడే. పిల్ల అప్పుడే క్లాసుల మంచిగ చదువుతున్నదని సార్లు చెప్తున్నరు. నేను చేసిన నిర్వాకంకు ఆమె కంది చేన్ల పడ్తదా అని నాకు ముద్ద దిగకపోయేది.

ఒకనాడు పగటీలి, స్వరూప కాలేజికి పోయింది, అత్తమ్మ కన్ను మూసుకొని పండుకున్నది. మా అన్న వచ్చిండు. ముందుగాల చెప్పలే, ఎప్పటి లెక్క పప్పు మూట తేలే. లోపటికి వచ్చి తలుపు సగం దగ్గరేసిండు. అయిపోయింది అనుకున్న. పిల్ల పెట్టె మంచం కింద ఏడున్నదో కండ్లతోనే చూసుకున్న.

“చెల్లె.”

“చెప్పు అన్నా.”

“నీ తాన కుట్లు ఇప్పేది ఉన్నదా?”

సంచి తెరిచిండు. పైన తువ్వాల, తువ్వాల కింద ఇంకో తువ్వాల, దాని కింద నవల. నవలకు ఎర్ర దారం. నా దారం, నా టాకాలు.

“గిదెక్కడిది అన్నా?”

“వికారాబాద్‌ల ఒక దోస్తు ఇచ్చిండు.”

“దోస్తు పేరు?”

మా అన్న పైకప్పు దిక్కు చూసిండు. “ఊర్ల పిల్లలు ఏం చదువుతున్నరో పెద్దోళ్లు చూడొద్దా? బాధ్యత గదా. ఇప్పు. చదివినంక మళ్ల గిట్లనే కుట్టాలె, తేడా రావొద్దు. ఎవలో గాని మంచిగ కుట్టిండ్రు.”

దారం గుంజిన. మా అన్న నా దిక్కు ఈపు పెట్టి, గోడకు తిరిగి కూసోని చదువుడు మొదలువెట్టిండు. జర సేపటికి భుజాలు కదులుతున్నయి. ఏం నవ్వొచ్చిందో అనుకున్న. ముందటికి పోయి చూస్తే, మా అన్న, గా నవ్వని మా అన్న, కండ్లెంట నీళ్లు కార్చుకుంట కూసున్నడు.

ఆ పేజీలల్ల ఉన్నది ఒక ఎద్దు. ఇత్తనాలకు పైసల్లేక రైతు దాన్ని అంగట్ల అమ్ముతడు. తెల్లారేసరికి అది తాడు తెంపుకొని వచ్చి వాకిట్ల నిలవడ్తది. రైతే దాన్ని మళ్ల తోలుకపోయి కొన్నోని కాడ కట్టేసి రావాలె.

“గీంట్ల చెడ్డదేమున్నదే?” అన్నడు మా అన్న, ముక్కు తుడుసుకుంట.

“చెడ్డదని ఎవలన్నరు? అత్తమ్మ వింటే ఏడుస్తదని కుట్టిన.”

ఆ మాట నోట్లకెల్లి వచ్చినంక గాని నాకు సమజ్ గాలే. మా అన్న పుస్తకం మూసిండు.

“అంటే, గీ ఇంట్ల నవలలు చదువుతున్నరన్నట్టు.”

“వికారాబాద్ దోస్తులు గూడ చదువుతున్నరన్నట్టు.”

అప్పుడు మంచం మీదికెల్లి అత్తమ్మ గొంతు వచ్చింది. “నర్సింలు, ఏడ్చుడు అయితే జర పైకి చదువు. ఆ ఎద్దు మళ్ల వస్తదా, రాదా?”

“మళ్ల రాదు అవ్వా” అన్నది ఇంకో గొంతు. తలుపు కాడ స్వరూప, భుజంకు సంచి, నాయిన చేతుల నవల దిక్కే చూసుకుంట. “రైతే రోజు పోయి దాన్ని చూసొస్తడు.”

“నీకెట్ల ఎరుకనే? అది కుట్టింది గదా” అంటి.

పిల్ల వచ్చి నాయిన చేతుల నవల అందుకొని, ఇంకా ఇప్పని కుట్టు కాడ పేజీలను గుండ్రంగ వంచి, పైనుంచి సంచిలకు చూసినట్టు చూసింది.

“కుట్టింది ఒక్క పక్కనే గద అత్తా. పైనుంచి సగం, కిందనుంచి సగం కనపడ్తది. మొదటి కుట్టు కాడ్నుంచి గట్లనే చదువుతున్న. నువ్వు జాకెట్లు ఇయ్యవోయినప్పుడు అవ్వకు గూడ చదివిన.”

నేను అత్తమ్మ దిక్కు తిరిగిన.

“నేను ఆరుగురిని కన్న” అన్నది ఆమె. “నా ముందట ముద్దులు దాస్తున్నవా?”

మా అన్నకు నవ్వొచ్చింది. ఆయన నవ్వితే పైదవడల ఒక పన్ను లేదని నాకు ఆ దినమే తెలిసింది. లేచి, తువ్వాల దులుపుకొని, బిడ్డ తల మీద చెయ్యి పెట్టిండు. “మార్కులు తగ్గితే మాత్రం పెట్టె సర్దుడే” అన్నడు. పుస్తకం మాత్రం సంచిల పెట్టుకోలే. మిగిలింది బిడ్డ తోటి చదివిచ్చుకొని, చీకటి పడే రైలుకు పోయిండు.

అత్తమ్మ ఇప్పుడు లేదు. జిలానీ భాయ్ దుకాణంల ఫోన్ల కవర్లు అమ్ముతున్నరు. స్వరూప వికారాబాద్‌ల బడిల పంతులమ్మ. మొన్న ఫోన్ చేసి, “అత్తా, నా బిడ్డ నవల అడుగుతున్నది. ఏది మంచిదో ఎట్ల ఎంచాలె?” అన్నది. ముందుగాల నువ్వు చదువు, తర్వాత ఆమెతో చదివిచ్చుకో, ఇద్దరు కూసోని కొట్లాడుకోండ్రి, అదే మంచి నవల అంటి.

ఇగ నా మటుకు, మిషన్ మీద చెయ్యి పెట్టి ఒట్టు పెట్టుకున్న. బతికున్నన్ని దినాలు ఏ పుస్తకం మీద సూది ఎత్తను. ఎవలన్న వచ్చి కాళ్లు మొక్కినా ఎత్తను. అంతకు తప్పకపోతే మాత్రం, పైన గూడ కుడ్త, కింద గూడ కుడ్త.