ముగ్గుపిండితో గీసిన శవం

నా మొదటి సినిమా, షూటింగ్ మొదలైన మూడు గంటల్లోనే ఒక ముసలమ్మ ప్రాణం మీదికి తెచ్చింది. ఇది చదివి నన్ను పెద్ద దర్శకుడనుకోకండి. ఆ సినిమా నిడివి మొత్తం రెండు నిమిషాలు. అందులో ఉన్నది ఒకటే పాత్ర, అదీ శవం. ఆ శవాన్ని నేనే. డబ్బింగ్ ఖర్చు కూడా లేదన్నమాట.

మా ఫిల్మ్ కోర్సులో రెండో ఏడు అందరూ ఒక క్రైమ్ సినిమాకి ఓపెనింగ్ మాత్రం తీయాలి. చంపింది ఎవరో చెప్పనక్కర్లేదు, చూసేవాడికి భయం పుడితే చాలు. తీశాక "ఈ చిత్రీకరణలో నేను నేర్చుకున్నది" అని ఒక పేజీ రాసివ్వాలి. నేను వెలుతురు గురించీ కెమెరా కోణాల గురించీ పేజీ నిండా రాసిచ్చాను. మంచి మార్కులే వచ్చాయి. అందులో ఒక్క ముక్కా నిజం కాదు. నిజం ఇప్పుడు రాస్తున్నాను.

మాది బేతంచెర్ల. మా ఊళ్లో ఎటు తిరిగినా నాపరాయి, పాలిష్ మిషన్లు, రాళ్ల లారీలు. ఉదయం ఉతికి ఆరేసిన తెల్లచొక్కా సాయంత్రానికి ఇంకా తెల్లగా అవుతుంది, దుమ్ముతో. మా నాన్న బడిలో అయ్యోరు. అప్పుడు నాకు ఇరవై ఏళ్లు. ఇంగ్లీషు క్రైమ్ సినిమాలు చూసి చూసి, శవాన్ని తీసేశాక నేలమీద మిగిలే తెల్లగీత మనిషి మీద మనసు పారేసుకున్నాను. మన పోలీసులు అలా గీస్తారా లేదా అని స్టేషన్‌కి వెళ్లి కనుక్కోవడానికి ధైర్యం చాల్లేదు. క్రైమ్ సినిమా తీయబోయేవాడి సరుకు అది.

నా కెమెరామన్ ఓబులేసు. చిన్నప్పటి స్నేహితుడు, పెళ్లిళ్లకి వీడియోలు తీస్తాడు. రామసుబ్బయ్య గారి రాళ్ల యార్డులో తీద్దామంటే మొహం చిట్లించాడు.

"ఆడొద్దప్పా. మొన్ననే కదా మద్దిలేటి తమ్ముని కాలిమీద బండ పడింది. క్రేను గొలుసు తెగి పడిందంట. ఆ పిల్లోడు ఇంకా కర్నూలు ఆస్పత్రిలోనే ఉండాడు."

"అందుకే బాగుంటుందిరా. ఆ చోటికి ఒక మూడ్ ఉంటుంది" అన్నాను.

మూడ్! ఆ మాట అన్న నోటిని ఇప్పుడు అద్దంలో చూసినా నాకు కోపం వస్తుంది.

ఆదివారం, యార్డుకి సెలవు. తెల్లారేసరికి చేరుకున్నాం. ముందు మూడ్ కోసమని తుప్పు పట్టి తెగి వేలాడుతున్న ఆ గొలుసును దగ్గర్నుంచి తీయించాను. తర్వాత నల్లబండల మీద నేను చచ్చి పడుకున్నాను, ఓబులేసు నా చుట్టూ సుద్దముక్కతో గీశాడు. కెమెరాలో చూస్తే గీత ఆనలేదు.

"పెండ్లి వీడియో అయితే లైటు ఎక్కువ చేస్తుంటి. దీనికి పిండి కావాలప్పా" అన్నాడు.

సరిగ్గా అప్పుడే వీధిలో "ముగ్గూ... ముగ్గేయ్..." అని ఈరమ్మవ్వ కేక. అరవై దాటిన మనిషి. తెల్లరాయి ఏరుకొచ్చి, దంచి, జల్లించి, గంపనెత్తుకుని ఊరంతా అమ్ముతుంది. పరిగెత్తుకెళ్లాను.

"అవ్వా, రెండు సేర్లు పొయ్యి."

"ఎన్నిండ్లకు నాయనా ఇంత?"

"ఒక్క ముగ్గుకే."

"ఒక్క ముగ్గుకు రెండు సేర్లా? యాడ ఏస్తావ్, రైలు స్టేషన్ ముందరా?" అని నవ్వుకుంటూ ఒక దోసెడు కొసరు కూడా వేసింది.

తిరిగి చచ్చిపోయాను. ఎడమకాలు మడిచి, కుడిచెయ్యి తల పక్కన పెట్టి, చాలా అందంగా. ఓబులేసు పుట్టి బుద్ధెరిగి ముగ్గు వేసినవాడు కాదు. వాడు నా చుట్టూ పిండి పోస్తుంటే శవం మూడుసార్లు తుమ్మింది. నేను లేచాక గుండె ఉన్నచోట కుంకుమ నీళ్లలో కలిపి పోశాం, రక్తం కావాలిగా. ఆ సినిమాల్లో తూటాలు పడినచోట పసుపుపచ్చని నంబరు బిళ్లలు పెడతారు. మా దగ్గర బిళ్లల్లేవు. ఓబులేసు వాళ్లింటికి వెళ్లి మూడు నిమ్మకాయలు తెచ్చాడు. వాటి మీద పెన్నుతో ఒకటి, రెండు, మూడు అని రాసి చుట్టూ పెట్టాం.

మీరు ఇప్పటికే తల పట్టుకుని ఉంటారు. ముగ్గుపిండితో మనిషి బొమ్మ, గుండె మీద కుంకుమ, చుట్టూ నిమ్మకాయలు. ఇది ఏమిటో రాయలసీమలో నడక నేర్చిన పిల్లాడు కూడా చెప్తాడు. ఫిల్మ్ కోర్సు చదివే ఇద్దరికీ... సరే, ఒకడు పెళ్లి వీడియోల వాడు, వాణ్ణి వదిలేయండి. నాకు మాత్రం అది ఫారిన్‌లా కనిపించింది.

"ఎండ ఇంకొంచెం పైకి రానీ, నీడలు బాగా పడతాయి. అంతలోపల ఇడ్లీ తినొద్దాం" అన్నాడు ఓబులేసు. నేర స్థలాన్ని దాని మానాన వదిలేసి ఇద్దరం ఇడ్లీకి వెళ్లాం.

ఆ రోజు ఒక లారీకి సరుకు తప్పకుండా పంపాల్సి వచ్చి, ఓనరు రామసుబ్బయ్య పనివాళ్లని పిలిపించుకున్నాడని మాకు తెలీదు. మేము మళ్లీ వచ్చేసరికి యార్డులో ముప్పైమంది ఉన్నారు. అందరూ బొమ్మకి పది అడుగుల దూరంలో నిలబడ్డారు.

"మూడు నిమ్మకాయలు, నంబర్లేసి పెట్టినారు. అంటే మూడు సావులు" అంటున్నాడు ఒకడు.

"మొదటిది మా తమ్మునికి తప్పింది" అన్నాడు మద్దిలేటి. పాలిష్ మిషన్ నడుపుతాడు, చెయ్యెత్తు మనిషి. పది రోజులుగా ఆస్పత్రికీ ఇంటికీ తిరిగి తిరిగి కళ్లు గుంటలు పడ్డాయి. "ఈ పిండి ఎవరిదో నాకు తెలుసు. పోయిన నెల ఓనరు రాళ్లు ఏరుకోవద్దని తరిమితే, 'మీ బండలు మీ మీదే పడ' అని మన్నెత్తి పోసి పోలా ఆ ముసల్ది?"

అప్పటికే ఇద్దరు ఈరమ్మవ్వను రెక్క పట్టుకుని తీసుకొస్తున్నారు. ఎవరో గంపను తన్నారు. పిండి అంతా బండల మీద పడింది.

"చెప్దాం పా" అన్నాడు ఓబులేసు నా చెయ్యి గుంజుతూ.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఇంతవరకూ చెప్పినవన్నీ తెలివితక్కువ పనులు, నవ్వుకోవచ్చు. తర్వాతది తెలివితక్కువ కాదు.

"ఆగరా. కెమెరా ఆన్ చెయ్" అన్నాను.

వాడు చేయనన్నాడు. నేనే లాక్కుని రాళ్ల గుట్ట చాటున నిలబడి తీశాను. నాలుగు నిమిషాలు. అంత నిజమైన భయం ఏ నటుడి మొహంలోనూ దొరకదని లోపల మురిసిపోయాను కూడా. ఆ నాలుగు నిమిషాలకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

"ఎవరికోసం గీసినావ్, చెప్పు!" మద్దిలేటి అరుస్తున్నాడు.

"నేను యాడ గీస్తినప్పా? నాకు నడుమే వంగదు."

"నువ్వు గీయకుంటే పిండి ఎవరికి అమ్మినావ్? రెండు సేర్లుండాది ఈడ. పేరు చెప్పకుంటే క్రేనుకు కట్టేస్తా."

అవ్వ తల తిప్పింది. రాళ్ల సందులో నుంచి కెమెరా నన్నూ ఆమెనూ కలిపింది. ఆమె నన్ను గుర్తుపట్టింది, అది నాకు కెమెరాలోంచే కనపడింది. ఒక్క వేలు చూపిస్తే ఆమె బతికిపోతుంది, నా ఎముకలు లెక్కపెట్టుకోవాలి.

"దినాము నూరుమందికి అమ్ముతా. ఎవరని చెప్పేది నాయనా?" అంది.

కెమెరా ఓబులేసు చేతిలో పెట్టి బయటికి నడిచాను.

"అన్నా, అది నేను. సినిమా కోసం. అవ్వకు ఏమీ తెలీదు."

"అయ్యోరి కొడుకా, పక్కకు పో. ముసల్దాన్ని కాపాడనీకి వచ్చినావు గానీ."

"నిజమన్నా. చనిపోయినవాడి చుట్టూ ఇట్ల గీత గీస్తారు. ఫారిన్‌లో."

ఓనరు రామసుబ్బయ్య కళ్లద్దాలు సర్దుకున్నాడు. "ఫారిన్‌లో సచ్చినోనికి ముగ్గేస్తారా?"

"సుద్దముక్కతో సార్. మాది ఆనలేదని..."

"మరి నిమ్మకాయలు?"

"అవి తూటాలు సార్."

ఎవరూ నమ్మలేదు. నేనైనా నమ్మేవాణ్ణి కాదు. మద్దిలేటి నా మెడ పట్టుకుని బొమ్మ దగ్గరికి తోశాడు. "నీ ఒంటి గీతయితే పండుకో. చూస్తాం."

పది గంటల ఎండ. నల్లబండ దోసెపెనంలా కాలుతోంది. పడుకున్నాను. వీపు చుర్రుమంది. పొద్దున ఎంత అందంగా చచ్చానో ఒక్క ముక్కా గుర్తు రాలేదు.

"చెయ్యి కుదర్లే" అన్నారు ఎవరో. చెయ్యి మార్చాను.

"కాలు గీత దాటింది. కాదు, ఇది వీనిది కాదు!"

"ఎడమకాలు ఇంకొంచెం మడువు నాయనా" అంది పైనుంచి ఒక గొంతు. ఈరమ్మవ్వ! రెక్కలు ఇంకా వాళ్ల చేతుల్లోనే ఉన్నాయి, అయినా వంగి చూస్తోంది. "ఆ... తలకాయ ఇటు. చెయ్యి చెవి కాడికి. ఇంగా దించు. ఆ, ఇప్పుడు కుదిరింది."

ఆ సినిమాకి దర్శకత్వం ఎవరిదని అడిగితే నేను ఈరమ్మ పేరే చెప్తాను.

కుంకుమ సరిగ్గా నా గుండె మీదికి వచ్చింది. ఎవరో కిసుక్కుమన్నారు, ఇంకెవరో దగ్గి కప్పిపుచ్చుకున్నారు. మద్దిలేటి మాత్రం నవ్వలేదు. ఒకటో నంబరు నిమ్మకాయ తీసి, "మంత్రం లేకుంటే కొరుకు" అన్నాడు. కొరికాను. సిరాతో సహా. మూడూ తిన్నాను. అవ్వ రెక్కలు వదిలేశారు.

అప్పుడు మద్దిలేటి అక్కడే బండమీద కూలబడ్డాడు.

"అయితే మా తమ్ముని మీద బండ ఉత్తగానే పడిందా?" అన్నాడు.

ఓనరు లారీ వైపు చూడసాగాడు. ఓబులేసు మెల్లగా వచ్చి కెమెరాలో పొద్దున తీసిన గొలుసు బొమ్మ చూపించాడు, తుప్పు తిని దారంలా సన్నబడి తెగిన లంకె. మద్దిలేటి తెర మీద ఆ తెగినచోటు వేలితో తడిమాడు.

"ఇది నా ఫోన్‌కు పంపప్పా" అన్నాడు. అది పట్టుకుని ఓనరు దగ్గరికి నడిచాడు. పనివాళ్లందరూ వెనక నడిచారు. వారం తిరక్కుండా క్రేనుకి కొత్త గొలుసు వచ్చింది. తమ్ముడు ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తాడు. ఆ కాలు మాత్రం స్వాధీనంలోకి రాలేదు.

ఆ నాలుగు నిమిషాలూ నేను ఆ రోజే చెరిపేశాను. మిగిలినది అతికించి కాలేజీలో చూపించాను. మా లెక్చరర్ గడ్డం గోక్కుని, "అంతా బాగుంది గానీ భయం లేదయ్యా. నువ్వు భయాన్ని ఎప్పుడూ దగ్గర్నుంచి చూసినట్టు లేదు" అన్నారు. అవును సార్ అన్నాను. వీపు మీద బొబ్బలు అప్పటికింకా మానలేదు.

కాబట్టి పాఠకులారా, మా బేతంచెర్ల బండల సాక్షిగా ఒట్టు వేస్తున్నాను. ఈ జన్మలో నేలమీద మనిషి బొమ్మ గీయను. నిమ్మకాయ మీద అంకె వేయను. మనిషి కష్టంలో ఉన్నప్పుడు కెమెరా ఆన్ చేయను. ముగ్గుపిండి కొనను.

చివరిది మాత్రం నా చేతిలో లేదు. తన్నేసిన గంపకి బదులు కొత్త గంప ఇస్తే అవ్వ తీసుకుంది కానీ, ఇప్పటికీ మా వీధిలోకి వస్తే మా గడప దగ్గర ఆగుతుంది. మా అమ్మ గిన్నె ఇచ్చి నన్నే పంపిస్తుంది. అవ్వ సేరు పిండిలో ముంచి, నా మొహంలోకి చూసి, ఇల్లిల్లూ వినేలా అడుగుతుంది:

"ఎంతమందికి నాయనా?"