స్టీలు డబ్బాలో ఇరవై నిమిషాలు

ట్రాన్స్‌మిటర్ గడువు ఇంకో మూడు వారాల్లో అయిపోతుందని ఫోన్ చెప్పింది. అది చదవగానే నాకు ముందు గుర్తొచ్చింది కొత్తది కొనాలన్న సంగతి కాదు. ఏలూరు షాపులో కౌంటర్ వెనక కూర్చునే మనిషి నవ్వు గుర్తొచ్చింది. ఆ నవ్వుకి ఏడాది దాటింది. మరిచిపోవడం నాకు చేతకాదు.

నా ఎడమచేతి వెనకవైపు ఒక సెన్సర్ అతికించి ఉంటుంది. దాని వెంట్రుకంత తీగ చర్మం కింద ఉండి ఒంట్లో చక్కెర ఎంతుందో చూస్తుంది. సెన్సర్ మీద చింతగింజంత బూడిదరంగు బిళ్ళ బిగుస్తుంది. అదే ట్రాన్స్‌మిటర్. సెన్సర్ చూసినదాన్ని ఫోన్‌కి పంపేది అదే. సెన్సర్‌ని పది రోజులకొకసారి తీసి పారేస్తాం. బిళ్ళను పారేయకూడదు. స్పిరిట్ దూదితో తుడిచి, ఆరనిచ్చి, కొత్త సెన్సర్ మీద మళ్ళీ బిగించాలి. అలా ఏడాది దాకా కాపాడుకోవాలి.

నాకు ఇన్సులిన్ మొదలై ఇరవై రెండేళ్ళయింది. చక్కెర పడిపోయేటప్పుడు అందరికీ చెమట పడుతుంది, చేతులు వణుకుతాయి. నాకు కొన్నాళ్ళుగా ఆ గుర్తులేవీ రావడం లేదు. ఉన్నట్టుండి పడిపోతాను. నేను టీచర్‌ని. మా స్కూలు గణపవరం దాటాక చేపల చెరువుల మధ్య ఉంటుంది. బస్సు దిగి చెరువు గట్టు మీద కిలోమీటరు నడవాలి. ఒక పొద్దున ఆ గట్టు మీదే పడ్డాను. కాళ్ళు నీళ్ళలో, తల బురదలో. మాట రావడం లేదు కానీ చెవులు పనిచేస్తున్నాయి. చెరువు కాపలామనిషి పక్కవాడితో అన్నాడు:

"ఆడమనిషి కూడా పొద్దున్నే వేసేసిందిరోయ్!"

తరవాత స్కూలు బ్యాగు చూసి గుర్తుపట్టాడు. పంచదార నీళ్ళు కలిపి తాగించాడు. "తప్పైపోయిందండీ టీచర్‌గారూ" అని మూడుసార్లు అన్నాడు. బతికించినవాడు అతనే. అయినా నాకు మొదటి మాటే గుర్తుంది.

ఆ తరవాతే డాక్టరు ఈ బిళ్ళ పెట్టించారు. చక్కెర దిగడం మొదలవగానే ఫోన్ కూస్తుంది, నేను బిస్కెట్ తింటాను. అది కూయకపోతే ఏ గట్టు మీద, ఏ రోడ్డు మీద పడతానో నాకే తెలియదు.

తాడేపల్లిగూడెంలో మా ఇంట్లో నేనూ, అక్కా ఉంటాం. అక్క నాకన్నా పదిహేనేళ్ళు పెద్దది. అమ్మ పోయాక నన్ను పెంచింది తనే. నా భర్త పోయాక మళ్ళీ నన్ను తన దగ్గరకు తెచ్చుకున్నదీ తనే. మిషన్ ఆసుపత్రిలో ముప్ఫై ఐదేళ్ళు నర్సుగా చేసింది. ఆమె కొలువులో చేరినప్పుడు గాజు సిరంజిలు. వాడిన ప్రతి సిరంజినీ, సూదినీ స్టీలు డబ్బాలో వేసి, నీళ్ళు పోసి, గడియారం చూసి ఇరవై నిమిషాలు మరగబెట్టేవారు. ఆ డబ్బా రిటైరయినప్పుడు ఇంటికి తెచ్చుకుంది. "నా చేతి సూదికి ఒక్కళ్ళకి గడ్డ లేవలేదే" అని నాకు కొన్ని వందలసార్లు చెప్పి ఉంటుంది. ఆమెకున్న గొప్ప అదొక్కటే.

నిరుడు వానలు మొదలయ్యే ముందు నా చేతి మీద సెన్సర్ ఉన్న చోట చీము పట్టింది. డాక్టరు చూసి, "ఇంట్లో కాస్త శుభ్రత చూసుకోవాలండీ" అన్నారు. అక్క నా పక్కనే నిలబడి ఉంది. ఆ మాట నాకు తగిలిందనే అనుకున్నాను. ఆమెకు ఎంత తగిలిందో చూడలేదు.

తరవాతి శనివారం సెన్సర్ మార్చే రోజు. పాతది తీసి పారేసి, బిళ్ళను సాసర్లో పెట్టి తలంటుకోవడానికి వెళ్ళాను. వచ్చేసరికి బిళ్ళ సాసర్లోనే ఉంది. ముట్టుకుంటే వెచ్చగా ఉంది. కిటికీలోంచి ఎండ పడి ఉంటుందనుకున్నాను. స్పిరిట్‌తో తుడిచి కొత్త సెన్సర్ మీద బిగించాను. ఫోన్ వెతుకుతూనే ఉంది. సాయంత్రం దాకా వెతికింది. బిళ్ళ దొరకలేదంది.

సోమవారం సెలవు పెట్టి ఏలూరు వెళ్ళాను. షాపు మనిషి బిళ్ళను లైటు కింద పెట్టి అటూ ఇటూ తిప్పాడు.

"లోపల చెమ్మ చూడండి మేడమ్‌గారూ. అంచు కూడా మెత్తబడింది. వేడి తగిలిందండీ దీనికి."

"తగలలేదు. నేను చెప్పింది చెప్పినట్టే తుడుచుకుంటాను."

"మరి ఇడ్లీలతో పాటు ఉడికించేశారా ఏంటండీ?"

షాపులో ఇంకో ఇద్దరున్నారు. ముగ్గురూ నవ్వారు. ఇంత సౌమ్యంగా, ఇన్ని 'అండీ'లు పెట్టి నన్ను ఇంతగా అవమానించినవాళ్ళు లేరు. గడువులోపల దానంతటది పాడైతే కంపెనీ ఊరికే మార్చి ఇస్తుందనీ, తడిసినా కాలినా ఇవ్వదనీ చెప్పాడు. ఒక కాగితం ఇచ్చాడు. నీళ్ళూ వేడీ తగలలేదని నేను రాసివ్వాలి. ఇంట్లో ఉండే మరొకరు సాక్షి సంతకం పెట్టాలి.

ఆ రాత కాగితం వెనకా ముందూ నిండింది. ఆ మనిషి ప్రవర్తన మీద విడిగా ఇంకో పేజీ రాశాను. తీసుకెళ్ళి అక్క ముందు పెట్టాను.

"కళ్ళజోడు కనబడటం లేదే" అంది.

"నీ తల మీదే ఉంది."

దించి పెట్టుకుంది. చదివింది. చాలాసేపు చదివింది. కాగితం మడిచి నా చేతిలో పెట్టింది.

"నేను పెట్టనే."

"ఎందుకు?"

"పెట్టనంతే. కొత్తది కొనుక్కో. నా పింఛనులోంచి కొను."

"కొనడానికి లేక కాదు. వాడు నవ్వాడక్కా. నేను అబద్ధం ఆడుతున్నానన్నట్టు నవ్వాడు. ఇప్పుడు నువ్వు కూడా నన్ను నమ్మవా?"

"నమ్మకపోవడం కాదే పిల్లా..." అని ఆగిపోయింది. ఆ తరవాత ఏం అనబోయిందో నేను అడగలేదు. నాలుగు రోజులు ఆమెతో మాట్లాడలేదు. చిన్నప్పుడు నా ప్రోగ్రెస్ కార్డుల మీద సంతకం పెట్టింది అక్కే. మొదటి అక్షరం పెద్దగా, చివర కింద ఒక గీత. అది నాకు కళ్ళు మూసుకుని పెట్టడం వచ్చు. పెట్టాను. రిజిస్టర్ పోస్టులో పంపాను.

ఐదో రోజు పొద్దున నేను బస్టాండుకి బయలుదేరితే అక్క కూడా చెప్పులు వేసుకుంది. చేతిసంచిలో వేలు గుచ్చి చూసే మీటరు, పంచదార, బిస్కెట్లు.

"ఎక్కడికి?"

"నీతోనే. ఆ బిళ్ళ వచ్చేదాకా నేనే బిళ్ళని."

వద్దన్నాను. వినలేదు. డెబ్భై మూడేళ్ళ మనిషి రోజూ బస్సెక్కి, గట్టు మీద నా వెంట నడిచి, స్కూలు వరండాలో స్టూలు మీద కూర్చునేది. పీరియడ్ అయిన ప్రతిసారీ నా వేలు గుచ్చేది. "టీచర్‌గారికి కూడా బడికి తోడు కావాలాండీ!" అని లెక్కల మాస్టారు అంటే అందరితో పాటు అక్క కూడా నవ్వింది. నాకు ఒళ్ళు మండిపోయింది. సంతకం పెట్టనందుకు నన్ను మంచి చేసుకోవడానికి వస్తోందనుకున్నాను. దారిలో ఆమెతో మాట్లాడేదాన్ని కాదు. ఆ రోజుల్లో రెండుసార్లు నా చక్కెర యాభైకి దిగింది. రెండుసార్లూ ముందుగా కనిపెట్టింది ఆమె.

అలా అయిదు వారాలు. వానలు పట్టుకున్నాయి. ఒక సాయంత్రం తిరిగొస్తుంటే గట్టు మీద బురదలో అక్క కాలు జారింది. నేను నాలుగడుగులు ముందున్నాను. పక్కపక్కన నడవడం మానేసి చాలా రోజులైంది. వెనక్కి తిరిగేసరికి పక్కకు పడి ఉంది. అరవలేదు. "సంచి తడవకుండా పట్టుకోవే" అంది. తుంటి ఎముక విరిగింది.

ఏలూరు ఆసుపత్రిలో చేర్చాను. బట్టలు తెద్దామని మర్నాడు ఇంటికి వెళితే గుమ్మంలో కొరియర్ మనిషి నిలబడి ఉన్నాడు. కంపెనీ కొత్త బిళ్ళ పంపింది. ఊరికే. నా ఫిర్యాదుకి క్షమాపణ ఉత్తరం కూడా జతచేసింది. ఆ డబ్బా పట్టుకుని నేరుగా వార్డుకి వెళ్ళాను. ఆపరేషన్ మర్నాడు. కాలికి బరువు కట్టి ఉంచిన మనిషి ముందు ఆ డబ్బా ఊపాను.

"చూశావా? గెలిచాను."

అక్క దాన్ని చూసింది. పైన తిరుగుతున్న ఫ్యానుని చూసింది.

"ఆ పాతది నేనే మరగబెట్టానే."

నాకు అర్థం కాలేదు.

"నువ్వు తలంటుకుంటున్నావు. నీ చేతికి చీము పట్టింది కదా. డాక్టరు అలా అన్నాడు కదా. డబ్బాలో వేసి ఇరవై నిమిషాలు మరగబెట్టాను. గడియారం చూశాను. తుడిచి మళ్ళీ అక్కడే పెట్టాను."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"చెబుదామనే అనుకున్నానే. షాపునుంచి వచ్చి నువ్వు ఒకటే అరుపు. ఆ అరుపంతా నా మీదకొస్తుందని భయమేసింది."

చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ అప్పుడు నాకు ముందు వచ్చింది కోపమే. ఆ షాపువాడి మాట నిజమైనందుకు కోపం. ఇడ్లీలు ఒక్కటే తక్కువ. అక్క నా మొహం చూసింది. కాసేపటికి అడిగింది:

"నా సంతకం లేకుండా ఎలా ఇచ్చారే?"

చెప్పాను. ఆమె దుప్పటి అంచు లాక్కుని గడ్డం దాకా కప్పుకుంది.

ఆపరేషన్ అయింది కానీ అక్క మళ్ళీ నడవలేదు. మంచం నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి మంచానికి. నెలకొకసారి, మొదటి ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక పాస్టరుగారు చిన్న పెట్టెలో రొట్టె, ద్రాక్షరసం తీసుకుని మా ఇంటికొస్తారు, మంచాన పడ్డవాళ్ళకు ప్రభువు బల్ల ఇవ్వడానికి. మొదటిసారి వచ్చినప్పుడే అక్క తల అడ్డంగా ఊపింది. "ఇప్పుడు కాదండీ" అంది. ఆయన వెళ్ళాక నేను నిలదీశాను.

"నా పేరున ఒక అబద్ధం నడుస్తోంది. అది ఉండగా ఆ బల్ల ముట్టుకోలేనే."

"మరగబెట్టింది నువ్వు. దాచింది నువ్వు. నేను దేనికి తగ్గాలి?"

"నిన్ను తగ్గమనలేదు" అంది.

అలా పదకొండు నెలలు గడిచాయి. పదకొండుసార్లు ఆ పెట్టె తెరిచినట్టే మూసుకుపోయింది. సెన్సర్ మార్చే రోజున నేను అక్క మంచం దగ్గరే కూర్చుని బిళ్ళ తుడుస్తాను. ఆమె చూస్తుంది. "అంచుల్లో కూడా తుడు" అంటుంది. చెయ్యి మాత్రం చాపదు. స్టీలు డబ్బాని నేను బీరువా మీదకు ఎక్కించాను. లేచి నిలబడలేని మనిషికి అందని చోట. ఎందుకలా చేశానో నాకే తెలియదు. దాన్ని తను చూసింది.

ఇప్పుడు ఈ బిళ్ళ గడువు అయిపోతోంది. పోయిన గురువారం కొత్తది కొనడానికి ఏలూరు వెళ్ళాను. వెళ్ళే ముందు ఒక ఉత్తరం రాశాను. రాయడానికి మూడు రోజులు పట్టింది. కంపెనీ వారికి: నిరుడు మీరు ఏ ట్రాన్స్‌మిటర్‌కి బదులు కొత్తది ఇచ్చారో అది దానంతటది పాడవలేదు, మా ఇంట్లో పొరపాటున మరగబెట్టారు, కొత్తదాని ధర తీసుకోవలసిందిగా కోరుతున్నాను. షాపు మనిషి చదివాడు. ఈసారి నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

"ఆ ఫైలు ఎప్పుడో మూసేశారండీ. ఇప్పుడెందుకండీ మేడమ్‌గారూ ఇది?"

"మీకెందుకు? అందినట్టు స్టాంపు వేసి నకలు ఇవ్వండి."

"పోనీలెండి, వదిలేయండీ."

"స్టాంపు వేసేదాకా నేను కదలను."

వేశాడు. కొత్త బిళ్ళా, ఆ నకలూ సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. ఇంటికొచ్చి కాగితం అక్క చేతికిచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని, పోయిన ఏడాది చదివినంతసేపూ చదివింది.

"బాగా రాశావే. నా తప్పు రాశావు." కాగితం తిప్పి వెనకవైపు చూసింది. ఖాళీగా ఉంది. "సంతకం సంగతేదే?"

నేను వంటింట్లోకి వెళ్ళి పొయ్యి వెలిగించాను. ఆ ఒక్క వాక్యం బస్సులో కూడా నా నాలుక మీదకొచ్చింది. ఆ షాపు మనిషి ముందు, ఆ స్టాంపు ముందు, ఆ సంతకం నేను పెట్టాను అని రాసివ్వడం. రెండు మాటలు. అంతకన్నా ఆ చెరువు గట్టు మీద పడడం తేలిక.

నిన్న మొదటి ఆదివారం. పాస్టరుగారు వచ్చి పెట్టె తెరిచారు. అక్క నా వైపు చూసింది. నేను ఫోన్ చూస్తూ కూర్చున్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. ఆయన పెట్టె మూసి, ప్రార్థన చేసి, వెళ్ళిపోయారు.

"ఎంతుందే?" అంది అక్క.

"డెబ్భై ఎనిమిది. దిగుతోంది."

"అయితే ముందు అన్నం తిను" అని గోడవైపు తిరిగింది.