వరుసగా మూడు సమావేశాలు

మా సంస్థకు పదేళ్లు నిండినప్పుడు దాని చరిత్ర రాసే పని నా మీద పడింది. నా చేతిరాత బాగుంటుందన్నది తప్ప అందుకు వేరే కారణం లేదు. వనపర్తిలో రేషన్ దుకాణం వెనక ఒక గది, రెండు కుర్చీలు, సగం తెరుచుకునే బీరువా, కార్బన్ కాగితాల కట్ట: మేం మొదలైంది అక్కడ. సంస్థ పెట్టిన సారు రిటైరైన బడిపంతులు. ఊళ్లలో రైతులో, ఆడవాళ్లో, నేతపనివాళ్లో సంఘం పెట్టుకుంటామంటే మేం నియమావళి రాసిచ్చేవాళ్లం, రిజిస్టర్లు నడపడం నేర్పేవాళ్లం, జిల్లా ఆఫీసుకు తోడు వెళ్లేవాళ్లం. మా చిన్నమ్మ ఓసారి "మీరేం పని జేస్తరే?" అనడిగింది. "సంఘాలకు సాయం జేస్తం" అన్నాను. "అంటే పనిజేసేది వాళ్లు, చెప్పుకునేది మీరు" అంది. కోపమొచ్చి రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు.

ఆ పుస్తకంలో అచ్చంపేట దాటాక అడవిలో ఉండే ఒక చెంచుపెంట (చెంచుల గూడేన్ని అక్కడ పెంట అంటారు) మహిళా సంఘం గురించి ఒక్క వాక్యమే ఉంది. "కొంతకాలం చురుగ్గా పనిచేసింది." ఆ వాక్యం నాదే. అందులో అబద్ధం లేదు. ఆ సంఘాన్ని చెడగొట్టింది నేనన్న మాట కూడా లేదు.

మా నియమావళి మొదట పెద్దమందడి దగ్గర ఒక రైతు సంఘం కోసం రాసింది. పదమూడు నియమాలు. ఏడోది, వరుసగా మూడు సమావేశాలకు రాని సభ్యుల సభ్యత్వం రద్దవుతుందని. అది ఊరికే పెట్టలేదు. ఆ ఊళ్లో పొలమున్న పెద్దమనుషులు పేర్లు రాయించుకుని మళ్లీ మొహం చూపించేవాళ్లు కాదు, తీర్మానాలు మాత్రం తమకు నచ్చినట్టే ఉండాలనేవాళ్లు. ఈ నియమం రాగానే వాళ్ల ఆట కట్టింది, కౌలు రైతులకు నోరొచ్చింది. దాంతో మాకు ఆ కాగితం మీద గట్టి నమ్మకం కుదిరింది. ఊరి పేరు దగ్గర ఖాళీ వదిలి మిగతాదంతా అచ్చు వేయించాం. గద్వాల మగ్గాల ఆడవాళ్లకూ అదే, నాగర్‌కర్నూల్ పాల సంఘానికీ అదే. గద్వాల బస్సు బీచుపల్లి వంతెన దాటేటప్పుడు అందరూ అంజన్నకు దండం పెడుతుంటే నేను ఒళ్లో ఆ కాగితాలు నలగకుండా సర్దుకునేదాన్ని. నాకూ అదొక భక్తి.

చెంచుపెంటకూ అదే పట్టుకుపోయాను. పన్నెండు మంది ఆడవాళ్లు కూర్చున్నారు. పదమూడు నియమాలూ పైకి చదివాను. ప్రతి దానికీ "ఊఁ" అన్నారు. ఇంత తొందరగా అర్థం చేసుకున్నవాళ్లను ఎక్కడా చూడలేదని మురిసిపోయాను. వాళ్లు ఊఁ కొట్టింది నా గొంతుకే, నియమాలకు కాదని నాకు తోచలేదు.

అందరిలోకీ పెద్దామె ఒక్కతే ప్రశ్న వేసింది. ఆమె ఆ పెంటకు మంత్రసాని. అక్కడ పుట్టిన పిల్లల్లో చాలామంది ఆమె చేతుల మీద పడ్డవాళ్లే. ముందటేడు ఆమె చిన్న కోడలికి కాన్పు కష్టమైతే మంచం మీద దవాఖానకు మోసుకుపోతుండగా దారిలోనే ప్రాణం పోయింది.

"గీ కాయితం మీద ఏలేస్తె మందుల పెట్టె మా పెంటకొస్తదా బిడ్డా?"

"వస్తది అవ్వా" అన్నాను. అబద్ధం చెప్పలేదు. ఒక పెద్ద సంస్థ అడవి ఊళ్లకు మందుల పెట్టెలు ఇస్తోంది. ఊరికి ఒకరిని ఎంచుకుని కాన్పులకు శిక్షణ ఇచ్చి, పెట్టె వాళ్ల చేతికిస్తారు. ఆ మనిషి సంఘం సభ్యురాలై ఉండాలి, సంఘం తీర్మానం చేయాలి. ఎవరిని ఎంచుకుంటారో అడగాల్సిన పనే లేదు. నేనే అవ్వ వేలు పట్టుకుని సిరా అద్ది ముద్ర వేయించాను. వాళ్ల దగ్గర క్యాలెండర్ ఉండదు కదా అని సమావేశం అమావాస్య తర్వాత వచ్చే గురువారం, వాళ్ల మాటలో బేస్తారం నాడు పెట్టాను. ఆ తెలివికి నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఎండాకాలం వచ్చింది. తేనెకు, జిగురుకు అవ్వా ఇంకో ముగ్గురూ ఇంటిల్లిపాదితో లోపలి అడవికి పోయారు. ఏటా పోతారట. నేను నెలనెలా వెళ్లి, రోడ్డు పక్క ఇళ్లలో మిగిలినవాళ్లతో సమావేశం జరిపి, రాని నలుగురి పేర్ల ఎదురుగా ఎర్ర సిరాతో సున్నా చుట్టాను. మూడో సున్నా తర్వాత స్కేలు పెట్టి వాళ్ల పేర్లు కొట్టేశాను. గీత వంకర పోలేదు. ఎక్కడికి పోయారని అడిగాను కూడా, "తేనెకు పోయిన్రు" అని చెప్పారు కూడా. తెలిసీ గీశాను. నియమం నియమమే అనుకునే మొండితనం నాది.

వానలకు ముందు వాళ్లు దిగివచ్చారు. అదే నెలలో పెద్ద సంస్థ నుంచి ఒకాయన ఎంపికకు వచ్చాడు. ఆడవాళ్లంతా అవ్వ వైపే చూపించారు. ఆయన రిజిస్టర్ తిప్పి, "ఈమె పేరు కొట్టేసి ఉంది. సభ్యురాలేనా?" అని నన్నడిగాడు.

అక్కడ నేను ఒక్క మాట అనాల్సింది. తప్పు నాదండీ, ఈ నియమం వీళ్లకు పనికిరాదు అనాల్సింది. కానీ అంతకుముందే ఆయన మా రిజిస్టర్లను చూసి ఇంత శుభ్రంగా ఏ సంస్థా రాయదని మెచ్చుకున్నాడు. ఆ మెప్పు ఇంకా చెవుల్లోనే ఉంది. "నియమం ప్రకారం కాదు సార్" అన్నాను.

అవ్వకు కోపం రాలేదు. వచ్చినా బాగుండేది. "నువ్వే గద బిడ్డా, నా ఏలు వట్టి అద్దిచ్చినవు" అంది. తర్వాత "మూడుసార్లు రాకుంటె తీసేస్తరా?" అని అడిగింది. "అవును అవ్వా" అన్నాను.

పెట్టె రోడ్డు పక్కింటి పడుచుకు వెళ్లింది. ఆ పిల్లకు రక్తం చూస్తేనే కళ్లు తిరుగుతాయి. పంటలు లేక మొగుడితో హైదరాబాద్ మేస్త్రీ పనికి పోయేటప్పుడు పెట్టెకు తాళం వేసి పోయింది. మిగిలినవాళ్లు ఒక్కొక్కరే మానేశారు. నేనూ వెళ్లడం మానేశాను. దూరమని, బస్సు లేదని సారుకు చెప్పాను. నిజానికి ఆమె మొహం చూడలేక.

చరిత్ర రాసేటప్పుడు ఇదంతా రెండు పేజీలు రాసి సారుకిచ్చాను. ఆయన చాలాసేపు చదివి, కళ్లజోడు తీసి, "ఇది పుస్తకంల వద్దమ్మా. చదివేటోళ్లు మనల్ని ఏమనుకుంటరు?" అన్నారు. ఆయన చెడ్డవారు కాదు. మర్నాడే ఏడో నియమం తీసేసి కొత్త నియమావళి అచ్చుకిచ్చారు. నేను గట్టిగా వాదించవలసింది. వాదించకుండా ఆ ఒక్క వాక్యం రాసిచ్చాను.

పుస్తకం అచ్చయ్యాక ఒక కాపీ పట్టుకుని పెంటకు వెళ్లాను. క్షమించమని అడుగుదామని. అవ్వ చిక్కిపోయింది. పుస్తకం తిరగేసి చూసి పక్కన పెట్టింది. ఇప్పటికీ కాన్పులకు తననే పిలుస్తున్నారట. వట్టి చేతులతోనే వెళ్తోందట. నేను "నీ పేరు కొట్టేసింది తప్పయింది అవ్వా" అన్నాను.

"గది సమజైంది బిడ్డా. మూడుసార్లు రాకుంటె తీసేస్తరు. మూడుసార్లొస్తె మల్ల రాసుకుంటరు గద. మల్లొచ్చిన ఏడు తేనెకు పోలె. అమాస జూసి, బేస్తారం జూసి, గీడనే వచ్చి కూసున్న."

ఎవరున్నారని అడిగాను.

"ఎవ్వరు లేకుండె. నువ్వొస్తవు, రాసుకుంటవని పొద్దుగూకెదాంక కూసున్న. మూడుసార్లు గట్లనే." అవ్వ నా మొహంలోకి చూసింది. "మూడుసార్లు నువ్వు రాలె బిడ్డా."