ఒళ్ళు కాదు, వాపు

తిరుత్తణి నేతవీధిలో గోవిందమ్మకు కాలు ఒకచోట నిలవదని పేరు. మొదటినుంచీ అంతే అనుకుంటే పొరపాటు. చిక్కి శల్యమైన రెండేళ్ళ కొడుకును ఎత్తుకుని తిరువళ్ళూరు ఆసుపత్రికి రైలెక్కిన నాటినుంచి ఆమెకు స్థిమితం పోయింది. "దోషమూ కాదు, గ్రహమూ కాదు. బిడ్డ ఇట్లా చిక్కినా, నొక్కితే గుంటపడేట్టు వాచినా సరైన తిండి లేకే. ఒట్టి గంజినీళ్ళతో బిడ్డ ఎట్లా బతుకుతాడు? పప్పు పెట్టాలి, వేరుశనగలు పెట్టాలి" అని అక్కడి నర్సమ్మ కేకలేసింది. అప్పటికే ఆలస్యమైంది. గోవిందమ్మ ఒట్టి చేతులతో తిరిగొచ్చింది.

ఆ మరుసటేడు, పంతొమ్మిదివందల ముప్పైయెనిమిది వేసవిలో, ఎదురింటి దేవకి కూతురు సుందరవల్లికి ముఖం ఉబ్బింది. మూడేళ్ళ పిల్ల ఒళ్ళు చేసిందని వీధంతా మురిసింది. తీరా నడక మానేసి గోడకానుకుని కూర్చుంటే, దోషం తగిలిందని దేవకి అత్త పచ్చయమ్మ పత్యం పెట్టింది. పూటకింత పలచని గంజి, అంతే.

వీధిలో మగ్గానికెక్కే పడుగు దారాలు సాగదీసి గంజి పెడుతూ గోవిందమ్మ పిల్లను చూసింది. గంజి ఆరేలోగా కుంచె ఆడించకపోతే నూలు అతుక్కుని పడుగంతా పాడవుతుంది. అయినా కుంచె పడేసి పరుగెత్తి, పిల్ల పాదం వేలితో నొక్కింది. పడిన గుంట పూడలేదు. వెనక మొగుడు తిరుమలయ్య అరుస్తూనే ఉన్నాడు.

"దేవకీ, ఇది ఒళ్ళు కాదే, వాపు. పత్యం మాన్పించు."

"మా అత్త ఒప్పుకోదక్కా."

"ఆమెతో నేను పడతా. నువ్వు బిడ్డను మా ఇంటికి తీసుకురా."

దేవకి పిల్లను తెస్తే, గోవిందమ్మ వేరుశనగలు వేయించి మెత్తగా దంచి, పెసరపప్పుతోపాటు రాగిజావలో ఉడికించి రోజూ తాపించింది. పదిరోజులకు వాపు తగ్గింది. తగ్గితే ఏముంది, లోపలి ఎముకల గూడు బయటపడింది. పచ్చయమ్మ వీధిలోకొచ్చి దుమ్మెత్తిపోసింది.

"గుండ్రాయి మాదిరుండే బిడ్డను పుల్ల చేసినావు గదే! నీ బిడ్డ పోయినాడని మా బిడ్డ మింద పడినావా?"

దడాలున తలుపేసుకుంది. ఆ మాట గోవిందమ్మ గుండెలో గుచ్చుకుంది. నర్సమ్మ చెప్పింది తప్పేమో, ఇంకో బిడ్డను కూడా చంపుతున్నానేమోనని భయం పట్టుకుంది. అయినా మూడురోజులు జావ కాచి ఆ తలుపు కొట్టింది, తిట్లు తిని తిరిగొచ్చింది.

నాలుగోరోజు మధ్యాహ్నం ఎదురింట్లో పిల్ల ఏడుపు లంకించుకుంది. ఇన్నాళ్ళూ ఏడవడానికే ఓపికలేని పిల్ల! తలుపు తెరుచుకుంది. పచ్చయమ్మ చంకలో సుందరవల్లి గోవిందమ్మ ఇంటివైపే చేతులు చాస్తోంది.

"గంజి పోస్తే మొగాన ఊసేస్తా ఉండాది. ఆ జావేందో నువ్వే తాపించు" అంది పచ్చయమ్మ, ఎటో చూస్తూ.

గోవిందమ్మ గిన్నె తెచ్చేలోగా పిల్ల చంక దిగి, గోడ పట్టుకుని రెండడుగులు వేసింది. గోవిందమ్మ జావ గిన్నె పిల్ల ముందు పెట్టి, అక్కడే కూలబడి, కొడుకు పోయిననాడు రాని ఏడుపంతా ఏడ్చింది. పిల్ల మాత్రం గిన్నెలోంచి తల ఎత్తలేదు.