చప్పుడు చేయని తుపాకీ

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. చిన్నప్పుడు మా ఊళ్ళో ఎవరికైనా పూనకం వస్తే అందరూ దణ్ణం పెట్టేవారు, నేను మాత్రం దగ్గరికెళ్ళి కళ్ళు తెరిచి చూస్తున్నారేమోనని తొంగిచూసేదాన్ని. పోయినవాళ్ళు వచ్చి పగ తీర్చుకుంటారంటే నాకు నవ్వొచ్చేది. బతికున్నవాళ్ళకే ఆ ఓపిక ఉండదు. అందుకే ఇది రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది.

మా మావయ్య పేరు సత్యం. మా అమ్మకు అన్న. విజయనగరం దగ్గర పల్లె నుంచి కుర్రతనంలోనే సింగపూర్ వచ్చి ఒక పెస్ట్ కంట్రోల్ కంపెనీలో చేరాడు. కాకులు మరీ ఎక్కువై జనం నెత్తిన పొడుస్తుంటే, లైసెన్సున్న మనిషి వెళ్ళి వాటిని కాల్చాలి. ఆ పని మావయ్యది. మనం కాకికి పిండం పెడతాం, మా అన్న దాన్ని కాల్చి జీతం తెచ్చుకుంటాడని అమ్మ గొణిగేది.

నాకు అదే కంపెనీలో, సామాను కొనే విభాగంలో ఉద్యోగం చూపించింది ఆయనే. సింగపూర్‌లోనే బెడోక్ అనే పేటలో మావయ్య, అత్తయ్య ఉండే ఫ్లాట్‌లోనే నేనూ ఉండేదాన్ని.

ఏళ్ళ తరబడి షాట్‌గన్ మోతకు మావయ్య ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి భుజానికి ఆనించి కాల్చేవాళ్ళకు ఎడమ చెవే తుపాకీ మూతి వైపు ఉంటుంది, ముందు అదే పోతుంది. మా మేనేజర్ శ్రీధర్ గారికి అదొక వినోదం. తెలుగువాడే, గుంటూరు వైపు మనిషి. మావయ్య ఎడమ పక్కన నిలబడి, గొంతు లేకుండా పెదాలు మాత్రం కదిపేవాడు. మావయ్య గబుక్కున తిరిగి, "ఏటన్నారు బాబూ?" అనేవాడు. ఆఫీసంతా నవ్వేది. ఏదో జోకు వేశారనుకుని పాపం ఆయనా నవ్వేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది.

చప్పుడు తక్కువ చేసే చిన్న రైఫిల్ కొనమని మావయ్య ఎన్నోసార్లు అడిగాడు. అత్తయ్య వంటింటి బల్ల మీద కాఫీ చల్లారిపోతున్నా నాకు అదే చెప్పేవాడు. పాయింట్ టూ టూ రైఫిల్, పిట్టలకూ కుందేళ్ళకూ వాడే చిన్న తూటా. దానంతటదే తూటా ఎక్కించుకునే రకం వద్దు, లోపలి ఇనుము కొట్టుకుని చప్పుడు చేస్తుంది. చేత్తో గడియ లాగి ఎక్కించే బోల్ట్ రకమే మేలు. గొట్టం పొడుగ్గా ఉండాలి. తూటా శబ్దం కన్నా నిదానంగా వెళ్ళేదై ఉండాలి, లేకపోతే గాలిలో కొరడా దెబ్బలా మోగుతుంది. ముక్కు బోలుగా ఉంటే పక్షిని దాటి పోయే ప్రమాదం తగ్గుతుంది. కానీ గురి తప్పితే చాలా దూరం పోతుంది కాబట్టి ఇళ్ళ మధ్య వాడకూడదు, వెనక మట్టికట్ట ఉన్నచోటే కాల్చాలి. "సెత్త యార్డుల్లో అయితే బాగుంటదమ్మా. మిగతా కాకులికి తెలీనే తెలీదు," అనేవాడు.

శ్రీధర్ గారు ఉన్న తుపాకీ చాలన్నాడు.

ఆ తర్వాత ఒకరోజు పొద్దున్నే, ఒక హౌసింగ్ బ్లాక్ దగ్గర మావయ్య కాల్చిన షాట్‌గన్ గుండ్లు కొన్ని కిటికీకి తగిలి అద్దం పగిలింది. లోపల ఒకావిడ చేయి తెగింది. ఆ బ్లాక్ కార్ పార్క్ మూల నుంచి కాల్చమన్నది శ్రీధర్ గారే, పని తొందరగా అవుతుందని. అక్కడి నుంచి వద్దని మావయ్య అన్నాడు కూడా. విచారణలో మాత్రం శ్రీధర్ గారు, "ఆపమని నేను అరుస్తూనే ఉన్నాను, చెవిటివాడు, వినలేదు," అన్నాడు. చెవిటివాడి మాట ఎవరు వింటారు? లైసెన్సు పోయింది, ఉద్యోగం పోయింది. కొన్నాళ్ళకు గుండె ఆగి మనిషే పోయాడు.

అత్తయ్య సెరంగూన్ రోడ్డులో గుడికి వెళ్ళడం మానేసింది. ఇళ్ళ మీద కాల్చినాయన భార్య అని ఎవరో అన్నారట. మా మావయ్య అలాంటివాడు కాదని శ్రీధర్ గారి నోటితోనే చెప్పించాలని నేను పళ్ళు నూరుకుంటూ అదే ఆఫీసులో ఉండిపోయాను.

మరుసటి ఏడాది కంపెనీకి ఒక చెత్త యార్డు కాంట్రాక్టు వచ్చింది. పక్కనే వృద్ధాశ్రమం, చప్పుడు కాకూడదని షరతు. శ్రీధర్ గారు నన్ను పిలిచి మంచి రైఫిల్, తూటాలు చూడమన్నాడు. మావయ్య చెప్పిన బోల్ట్ రకం, మావయ్య చెప్పిన పొడుగు, మావయ్య చెప్పిన నిదానపు తూటా అక్షరం పొల్లుపోకుండా ఎంచి పెట్టాను. ఆ రైఫిల్ చూసినప్పుడల్లా మావయ్య గుర్తొచ్చి వీడికి తిండి సయించకూడదని నా కోరిక. శ్రీధర్ గారు దాన్ని తన సొంత ఆలోచనగా చెప్పుకున్నాడు.

పోలీసుల అనుమతి వచ్చాక ఒక ఉదయం పరీక్ష పెట్టారు. ఎండ బాగా వచ్చింది. ఎత్తైన అరుగు మీద నుంచి కిందికి, మట్టికట్ట వైపు గురి. కాల్చేది రహీమ్ అంకుల్, చాలా జాగ్రత్త గల మలయ్ ఆయన. యార్డు ఇంజినీరు శబ్దం కొలిచే మీటరు పట్టుకున్నాడు. శ్రీధర్ గారు వెనక, నా పక్కనే నిలబడి, దీనికి చెవులు మూసుకోనక్కర్లేదని ఇయర్ మఫ్స్ తీసేశాడు. మావయ్య కోరుకున్న చప్పుడు ఎలా ఉంటుందో వినాలని నేనూ తీసేశాను.

రహీమ్ అంకుల్ కాల్చాడు. స్టీలు డబ్బాకి మూత పెట్టినంత చప్పుడు. ఒక కాకి ఒరిగిపోయింది. పక్కనున్న కాకులు లేవను కూడా లేవలేదు.

శ్రీధర్ గారు మోకాళ్ళ మీద పడిపోయాడు. ఎడమ చెవి రెండు చేతులతో మూసుకుని, "షాట్‌గన్ ఎవరు పేల్చారు, ఎవరు పేల్చారు," అని అరుస్తున్నాడు. వేళ్ళ సందుల్లోంచి రక్తం కారింది.

ఇంజినీరు మీటరు చూసి మళ్ళీ చూశాడు. అందులో మూత చప్పుడే ఉంది. రహీమ్ అంకుల్ రైఫిల్ తెరిచి ఖాళీ చేసి, "సౌండే లేదు లా," అన్నాడు మెల్లగా, సింగపూర్ యాసలో. ఆ యార్డులో ఆ పూట వేరే తుపాకీ లేదు. మావయ్య వాడిన షాట్‌గన్ కంపెనీ లాకర్‌లోంచి కదలలేదు.

చెవికి ఆనుకుని పెద్ద పేలుడు జరిగితే తప్ప కర్ణభేరి అలా చిరగదని డాక్టర్ చెప్పాడట. నేను తూటాలు మార్చానని శ్రీధర్ గారు ఫిర్యాదు చేశాడు. అదే పెట్టెలోని తూటాలు అందరి ముందూ కాల్చి చూశారు. అన్నీ మూత చప్పుళ్ళే. నన్నేమీ అనలేకపోయారు.

కొన్ని వారాలకు ఒక ఆదివారం ఆయన మా ఫ్లాట్‌కి వచ్చాడు. మనిషి సగమయ్యాడు. అత్తయ్య ఎదుట, ఆవిడతో మాట్లాడుతున్న పక్కింటివాళ్ళ ఎదుట నిలబడి, "అక్కడ నిలబడమన్నది నేనే. ఆపమని అరవలేదు. సత్యం గారు వద్దనే అన్నారు," అన్నాడు. ఇదే మాట కంపెనీకీ చెప్పానన్నాడు. ఆ చెవికి ఇంకేదీ వినపడదట. రోజూ తెల్లవారగానే ఒక్క షాట్‌గన్ మోత మాత్రం వినపడుతుందట.

"మా ఆయన కాఫీ తాగేసి పనికి బయల్దేరే యేళ అది," అని అత్తయ్య లోపలికెళ్ళిపోయింది. ఆ శుక్రవారం గుడికి వెళ్ళింది.

జరిగింది ఇంతే. గాలి, గోడలు, ఆ మనిషి భయం, అన్నీ ఆలోచించాను. ఏదీ అతకడం లేదు. పక్కనే ఉన్న నా చెవికి ఏమీ కాలేదు. ఇప్పటికీ దయ్యాలను నమ్మనుగానీ, ఇది మాత్రం ఏమిటో నాకు తెలియదు.

ఆ ఆదివారం శ్రీధర్ గారిని లిఫ్ట్ దాకా దింపడానికి వెళ్ళాను. నేను ఆయన ఎడమ పక్కన ఉన్నాను. "నిజం చెప్పేశానుగా అమ్మా, ఇక ఆ మోత ఆగుతుందంటావా?" అని అడిగాడు.

నేను గొంతు లేకుండా పెదాలు కదిపాను.

ఆయన గబుక్కున నా వైపు తిరిగి, "ఏమన్నావమ్మా?" అన్నాడు. నేనేమీ అనలేదు.