ఊది చూపించిన మనిషి

మా బావ బస్సు డ్రైవరు. ఇరవై ఆరేళ్లు రోజూ డిపో గేటు దగ్గర మందు తాగారో లేదో పట్టే మిషను గొట్టంలోకి ఊది, సున్నా చూపించాకే బండెక్కాడు. చుక్క ముట్టని మనిషి. షుగరుంది, పొట్ట స్టీరింగుకి తగిలేది. కూర్చుని చేసే ఉద్యోగమాయె.

కాళ్లు వాచాయని ఆసుపత్రికెళితే స్కాన్ రిపోర్టులో 'నాన్ ఆల్కహాలిక్ ఫ్యాటీ లివర్' అని రాసి, ముదిరిందన్నారు. అందులో 'నాన్' ఎవడిక్కావాలి? ఫలానావాడు దొంగ కాదని చాటింపు వేస్తే జనానికి గుర్తుండేది దొంగ ఒక్కటే! పైగా మా నాన్న తాగి తాగి లివర్ చెడే పోయాడు. అందుకని మా అక్కకి రెండో మాట అక్కర్లేకపోయింది. బావ చొక్కాలు వాసన చూడటం మొదలుపెట్టింది.

"నిజం చెప్పండి. ఎప్పట్నించి?"

"రోజూ ఊదే కదే బండి తీసేది! డిపోకెళ్లి అడుగు."

"వాళ్లు మిమ్మల్ని పట్టిస్తారా? దొందూ దొందే."

నేనక్కడే కూర్చుని ఉన్నాను. నేనూ నమ్మలేదు.

ఆ కాగితం చేత్తో పట్టుకుని వరసలో నిలబడితే అందరూ తన మొహంకేసే చూస్తున్నారని బావ ఆసుపత్రికెళ్లడం మానేశాడు. మాత్రలూ మానేశాడు. ఏడాదిన్నరకి పోయాడు. ఆఖరి రోజుల్లో దుప్పటి సర్దడానికి అక్క వంగినప్పుడల్లా, అడక్కుండానే నోరు తెరిచి ఊదేవాడు. అక్క మొహం తిప్పుకునేది.

మొన్న అక్కకి నీరసంగా ఉందంటే నేనే తీసుకెళ్లి స్కాన్ చేయించాను. డాక్టరమ్మ మందు అలవాటుందా అని అడిగింది. అక్క లేదంది. ఆవిడ సరేనని రాసుకుంది.

"లివర్‌లో కొవ్వు చేరిందమ్మా. షుగరు వల్ల, బరువు వల్ల. తొందరగా పట్టుకున్నాం, తగ్గించుకోవచ్చు."

రిపోర్టులో 'మెటబాలిక్' అని ఏదో కొత్త పేరుంది. ఇదేం జబ్బని అడిగాను.

"పాతదే. పాత పేరులో ఆల్కహాల్ అన్న మాట ఉండేది. తాగనివాళ్లకీ తాగుబోతు ముద్ర పడుతోందని మార్చారు."

ఆ పాత పేరేమిటని అక్క అడగలేదు. బయటికొచ్చి బెంచీ మీద కూలబడింది. రిపోర్టు మడిచి ఒళ్లో పెట్టుకుని అంది:

"ఒక్కసారి లేదంటే నమ్మేసిందిరా ఆవిడ. ఆయన పోయేదాకా ఊదుతూనే ఉన్నారు."